కుడి నుంచి ఎక్కిన గీత

మా తాత బాలనర్సింహ చేతికి ఏ కాగితం ఇచ్చినా, చదవడానికి ముందు దాని ఎడమ అంచు మీద అరచేత్తో మెల్లగా తడతాడు. కరెంటు బిల్లయినా అంతే, పెళ్లి పత్రికయినా అంతే. నా ఇంటర్ మార్కుల కాగితాన్ని కూడా అలాగే తట్టాడు.

"తన్నదులే తాతా, ఆ బర్రె ఎప్పుడో చచ్చింది" అన్నాను.

లెక్కల్లో నాకొచ్చిన మార్కులు చూసి ఆయన నవ్వాడే గాని తిట్టలేదు. తిట్టడానికి నోరు ఎట్లా వస్తుంది? ఆయన సంగతి నాయనమ్మ పుష్పమ్మ నాకు చిన్నప్పుడే చెప్పేసింది. ఆమె చెప్పని ముక్కలు ఆయన్నే గిల్లి రాబట్టాను.

గౌలిపురలో మాది పాలు అమ్ముకునే ఇల్లు. ముత్తాత బుచ్చయ్యకు బర్రెలు తప్ప వేరే లోకం లేదు. ఆయన కొడుకైన మా తాతకు పుస్తకాలు తప్ప వేరే లోకం లేదు. ఇద్దరికీ ఒకే కొట్టంలో తెల్లవారేది. తాత పాలు పిండాలి, క్యాన్లు సైకిలుకు తగిలించుకుని లాడ్ బజార్ దాకా పోయి హోటళ్లకు పోసి రావాలి, తర్వాత అదే సైకిలు మీద యూనివర్సిటీకి పోవాలి. ఎం.ఎ. క్లాసులో పక్కన కూర్చున్న వాళ్లు మాటిమాటికీ ముక్కు ఎగబీల్చేవారని నాయనమ్మ అంటుంది. తాత ఒప్పుకోడు. వాళ్లకు జలుబట.

ఆయన చదివింది ఎకనామిక్స్. ఆయన నోట ఇప్పటికీ అది మాషియాతే, ఎందుకంటే బడి చదువంతా ఉర్దూలో సాగింది. పోలీస్ యాక్షన్ అయిన తర్వాత పై చదువులు ఇంగ్లీషులోకి మారాయి. ఆ మారిన చదువులోకే తాత పందొమ్మిది వందల యాభైల నడుమ ఎం.ఎ. అని వెళ్లి చేరాడు. ధరల గురించీ, పంటల గురించీ చెబుతారనుకుంటే మొదటి సంవత్సరంలోనే లెక్కల పేపరు ఎదురైంది. డిఫరెన్షియల్ కాలిక్యులస్. ఒకటి రవ్వంత మారితే దాన్నిబట్టి ఇంకొకటి ఎంత మారుతుందో చెప్పే లెక్క అని తాత నాకు వివరించాడు. నాకు అర్థమైనట్టే తలూపాను. ఆయన కూడా ఆ రోజుల్లో అట్లాగే ఊపి ఉంటాడు, ఎందుకంటే ఆ పేపర్లో తప్పాడు.

ఇక ఒక్క అవకాశమే మిగిలింది. అది కూడా పోతే పేరు కొట్టేస్తారు. సుద్దముక్క పట్టుకుని కాలేజీలో పాఠం చెప్పాలన్నది తాత కోరిక. ముత్తాత తన మాట కొట్టంలోనే చెప్పేశాడు.

"ఒక తాప తప్పినవ్, సరే. ఇంకో తాప తప్పితే చదువు బంద్, నర్సిమ్మా. పొద్దుగాల, మాపటికి క్యాన్లు నీయి. ఆ సైకిల్ మళ్ల యూనివర్సిటీ దిక్కు తిరగొద్దు."

తాత ఏదో సూత్రం గొణుక్కుంటూ పెద్ద బర్రెకు కుడి పక్కన కూర్చున్నాడు. ఆ బర్రెను మొదటి నుంచీ ఎడమ పక్కన కూర్చునే పిండేవారు. దానికి అటే అలవాటు. కుడి వైపు ఎవరొచ్చినా దొంగేనని దాని లెక్క. కాలెత్తి ఒక్కటిచ్చింది. చెంబు ఒకవైపు, తాత ఒకవైపు.

"ఏ దిక్కు నుంచి రావాలెనో బర్రెకు ఎర్కున్నది" అన్నాడు ముత్తాత, చెంబు తీసుకుంటూ. "ముందుగాల ఎడమ పక్క చెయ్యి ఏసి తట్టు. నేనొచ్చిన అని చెప్పు. గప్పుడు కూసో."

తాత ఒళ్లు దులుపుకుని లేచి, అప్పటి నుంచి అట్లాగే తట్టాడు గాని, ఆ మాట బర్రె వరకే అనుకున్నాడు. బర్రె సంగతి సరే, అసలు చిక్కు పుస్తకంలో ఉందని ఆయనకు ఇంకా తెలియదు. నేను ముందే చెప్పేస్తాను. తెలిసిన సంగతి కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు.

తాతకు బడిలో లెక్కలు చెప్పింది గఫూర్ సాబ్. చాలా మంచి మనిషి, పిల్లల్ని కొట్టేవాడు కాదు. ఉర్దూ రాత కుడి నుంచి మొదలవుతుంది కదా, ఆయన నల్లబల్ల మీద గ్రాఫు కూడా కుడి నుంచే మొదలుపెట్టేవాడు. నిలువు గీతా, అడ్డగీతా కలిసే మూల కుడివైపు కింద ఉండేది. అక్కడి నుంచి ఎడమకు పోయేకొద్దీ అంకెలు పెరిగేవి. వేరే బడుల్లో ఎట్లా గీసేవారో నాకు తెలియదు, గఫూర్ సాబ్ మాత్రం అట్లాగే గీసేవాడు. తాత కన్ను ఆ దారికి అలవాటుపడింది, పెద్ద బర్రె లాగే.

ఇంగ్లీషు పుస్తకంలో మొదటి బొమ్మ డిమాండు గీత. నిలువు గీత మీద ధర, అడ్డగీత మీద జనం కొనే సరుకు. మూల ఎడమవైపు ఉంటుంది. అక్కడి నుంచి కుడికి నడిస్తే గీత దిగుతూ పోతుంది. ధర తగ్గితే ఎక్కువ కొంటారు, పెరిగితే తక్కువ కొంటారు. నాకే అర్థమైంది కాబట్టి ఎవరికైనా అవుతుంది. కానీ తాత కన్ను కుడి నుంచి బయలుదేరింది. కుడి చివర గీత అడుగున ఉంది, ఎడమకు పోయేకొద్దీ పైకెక్కింది. అంటే ధర పెరిగేకొద్దీ జనం ఇంకా ఎగబడి కొంటున్నారన్నమాట.

పాల ఇంట్లో పుట్టినవాడికి ఇది అబద్ధమని తెలియదా? తెలుసు. తిక్కంతా అక్కడే ఉంది. ఇంట్లో తెలిసిందే పుస్తకంలోనూ ఉంటే ఇక ఎం.ఎ. దేనికని ఆయన అనుకున్నాడు. మనకు తెలిసినవన్నీ తలకిందులు కావడమే పై చదువని ఆయన నమ్మకం. ఇంగ్లీషులో, అదీ గట్టి అట్ట పుస్తకంలో అచ్చయిన తర్వాత గౌలిపుర మాట ఎవరు వింటారు?

లెక్క చేస్తే మైనస్ వచ్చేది. బొమ్మ చూస్తే ప్లస్ అనిపించేది. లెక్క చేసింది పాలు పిండే చెయ్యి, బొమ్మ గీసింది ఎవరో దొర. తాత బొమ్మను నమ్మి మైనస్‌ను కొట్టేసేవాడు. డిమాండు గీత కిందికి వాలుతుందని క్లాసులో చెప్పినప్పుడు కూడా ఆయనకు అనుమానం రాలేదు. ఎక్కే మెట్లే దిగే మెట్లు కూడా కదా, ఎట్లా చెప్పినా ఒకటే అనుకున్నాడు.

లెక్కల పేపరు చెప్పే అనంతపద్మనాభంగారు మద్రాసు వైపు నుంచి వచ్చిన మనిషి. ఒకరోజు తాతను తన గదికి పిలిపించి, దిద్దిన కాగితాలు ముందు పెట్టాడు.

"ఏమయ్యా, ఈ మైనస్ గుర్తు నీకేం అపకారం చేసింది? కనిపించిన చోటల్లా నరికేశావు."

"బొమ్మల అట్ల లేదు సార్."

"బొమ్మలో లేదా? సరే, ఇది చూడు. లాభం ఎక్కడ అన్నిటికంటే ఎక్కువో కనుక్కోమన్నాను. కొండ ఎక్కి సరిగ్గా శిఖరం మీదే కూర్చున్నావు. కానీ ఎక్కిన వైపును దిగుడనీ, దిగే వైపును ఎక్కుడనీ రాశావు. శిఖరం తెలిసినవాడికి దారి తెలియకపోవడం ఏమిటి? పక్కవాడి కాగితంలో జవాబు మాత్రం చూసి రాస్తున్నావా?"

తాత ముఖం నల్లబడిందట. నల్లబడటానికి అక్కడ పెద్దగా చోటు లేదు గాని, నాయనమ్మ అట్లా అంటుంది. శిఖరం ఎటు నుంచి ఎక్కినా శిఖరమే. అందుకే ఆయన జవాబుల్లో సగం ఒప్పు, సగం తప్పు. అన్నీ తప్పయితే మనిషి తన తలను అనుమానిస్తాడు. సగం ఒప్పయితే దేన్ని అనుమానించాలో తెలియదు.

తాను దొంగను కాదని నిరూపించుకోవాలని తాత మనసులో పడింది. దానికి ఆయన ఎంచుకున్న దారి చూడండి. పుస్తకం చెప్పింది నిజమో కాదో మన పాలతోనే తేల్చుకుందామనుకున్నాడు. ముత్తాత దగ్గరకు పోయి కూర్చున్నాడు.

"బాపు, పాల ధర జర పెంచుదాం."

"పెంచితే ఎవడు కొంటడు?"

"ఇంకా ఎక్కువ కొంటరు."

ముత్తాత కొడుకు ముఖంలోకి చూశాడు. "మొన్న బర్రె నెత్తి మీద గిట్ల తన్నిందా?"

"పుస్తకంల ఉన్నది బాపు. గీత ఉన్నది. ఇంగ్లీషుల."

ఇంగ్లీషు అనేసరికి ముత్తాత తగ్గాడు. ఆయనకు ఏ అక్షరం రాదు, కానీ కొడుకు చదువు మీద ఎంత విసుక్కున్నా లోపల కొంచెం భయభక్తి ఉండేది. పైగా నిజాం పోయాడు, డబ్బు మారింది, కచేరీల్లో భాష మారింది. పాల సంగతి మాత్రం మారకూడదని ఏముంది? సరేనన్నాడు.

మర్నాడు లాడ్ బజార్‌లో హోటల్ సేట్ కొత్త ధర విని, క్యాన్ మూత ఎత్తి లోపలికి తొంగి చూశాడు.

"క్యా మియా, దూధ్ మే సోనా ఘోల్ రై క్యా?"

పాలలో బంగారం కలపలేదని తాత చెప్పాడు. అయితే మాకు వద్దని సేట్ చెప్పాడు. పక్క హోటలు వాడు అంత మర్యాద కూడా చూపలేదు. గాజుల దుకాణాలకు చాయ్ పంపే ముసలాయన మాత్రం జాలిపడి ఒక లోటా పోయించుకున్నాడు. నిండు క్యాన్లతో సైకిలు వెనక్కి వచ్చింది. ఆ తర్వాతి రోజూ అంతే. బర్రెలు పుస్తకం చదవలేదు కాబట్టి ఎప్పటిలాగే పాలు ఇస్తూ పోయాయి.

ఆ పాలన్నీ ఏం కావాలి? కొత్తగా కాపురానికొచ్చిన నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కోవా కలుపుతూనే ఉంది. ఇంట్లో ఏ గిన్నె మూత తీసినా పెరుగే. అన్నంలో మజ్జిగ, దాహానికి మజ్జిగ, వచ్చిన చుట్టానికి మజ్జిగ.

"ఇగో" అందట ఒకనాడు తాతతో, గరిటె ఆపకుండా. "మీ గీత ఇంకెన్ని దినాలు ఎక్కుతది? నా రెక్కలు పడిపోతున్నయ్."

ముత్తాత పాత ధరే పెట్టి తానే హోటల్ హోటల్ తిరిగి బతిమాలి గిరాకీలను వెనక్కి తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి తాత ముందు నిలబడి ఒకటే మాట అన్నాడు.

"పరీక్ష ఎన్నడు?"

"వచ్చే నెల, బాపు."

"మంచిది. దాని తర్వాత క్యాన్లు."

పాస్ కావడమన్న ఊసే ఆ మాటలో లేదు. తాతకు అదే గుచ్చుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ దిగులుతోనే ఒక ఆదివారం శాలిబండలో అంజన్ దుకాణానికి గడ్డం గీయించుకోవడానికి వెళ్లాడు. ఒళ్లో పుస్తకం తెరిచే ఉంది. అంజన్ సబ్బు నురగ రాసి కత్తి పదును చూసుకున్నాడు.

"అన్నా, గా పుస్తకం ఇటియ్యి. గొంతు కాడ కత్తి ఉన్నప్పుడు చదువు మంచిది కాదు."

పుస్తకం లాక్కుని, తెరిచిన పేజీ అట్లాగే ఉంచి, తాత వెనకవైపు గోడ గూట్లో నిలబెట్టాడు. తాత ఎదుట నిలువుటద్దం. ఆ అద్దంలో ఆయన నురగ ముఖం, అంజన్ చెయ్యి, వెనక గూట్లో పుస్తకం. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి, ఒక్కటీ చదవడానికి రాదు. బొమ్మ మాత్రం కనిపిస్తోంది. తాత వేరే పని లేక దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

చూస్తూ ఉంటే ఇది తనకు తెలిసిన బొమ్మేననిపించింది. మూల కుడివైపు ఉంది. అచ్చం గఫూర్ సాబ్ నల్లబల్ల మీద గీసినట్టే. తాత కన్ను మూల నుంచి బయలుదేరి హాయిగా ఎడమకు నడిచింది. గీత దిగుతోంది. సరుకు పెరుగుతోంది, ధర తగ్గుతోంది. గౌలిపురలో ఎట్లా ఉందో అద్దంలోనూ అట్లాగే ఉంది.

మరి పుస్తకంలో ఎందుకు లేదు? పుస్తకంలోనూ ఉంది. మూల అక్కడ ఎడమవైపు ఉంది. తాను ఇన్నాళ్లూ మూలను వదిలేసి, గీత తోక పట్టుకుని నడిచాడు.

మామూలు మనిషయితే లేచి గంతేసేవాడు. మా తాత గొంతు మీద కత్తి ఉంది. రెండేళ్ల అయోమయం విడిపోతుంటే ఆయన కనీసం తల కూడా ఊపలేకపోయాడు.

"కదలకు అన్నా" అన్నాడు అంజన్. "నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా? చెంప ఒక్క తీరుగ ఉంటలేదు."

"నాక్కూడా తెలుస్తలేదు" అన్నాడు తాత పెదవులు కదపకుండా.

ఇక్కడితో కథ అయిపోయిందని మీరనుకుంటే మా తాత మీకింకా తెలియదన్నమాట. తప్పు తెలిసిన తర్వాతే అసలు గందరగోళం మొదలైంది. ఇప్పుడు ప్రతి బొమ్మ చూడగానే, నేను తప్పు వైపు నుంచి చూసి ఉంటాను అనుకుని జవాబు తిరగేసేవాడు. కానీ ఒక్కోసారి కన్ను అప్పటికే సరైన వైపు నుంచి చూసి ఉండేది. తిరగేస్తే మళ్లీ తప్పు. అనుమానం వచ్చి ఇంకోసారి తిరగేసేవాడు. చివరికి ఆ గీత ఎక్కుతోందో, దిగుతోందో, అడ్డంగా పడుకుందో ఆయనకు తెలిసేది కాదు. ఇంతకు ముందు ఖాయంగా తప్పు రాసేవాడు, ఇప్పుడు ఆ ఖాయం కూడా పోయింది.

"ఎడమ చెయ్యి ఏదో తెల్వదా మీకు?" అంది నాయనమ్మ.

"చెయ్యికి తెలుసు. కంటికే తెల్వదు."

"అయితే చేతినే చూడమనుండ్రి" అనేసి ఆమె లోపలికి పోయింది. ఆమె విసుగుతో అన్న మాట అది, అంతకంటే ఏమీ లేదు. అదేదో గొప్ప సలహా అని ఇప్పుడు నేనంటే ఆమే నవ్వుతుంది.

అయినా మర్నాడు ఒకటి జరిగింది. పెద్ద బర్రె తన్నిన నాటి నుంచి తాత దాని ఎడమ పక్కన చెయ్యి వేసి తట్టి మరీ కూర్చునేవాడు. ఆ పొద్దున పాలు పిండి, చేతులు కడుక్కుని, కొట్టం గడప మీదే పుస్తకం తెరిచాడు. చెయ్యి ఇంకా బర్రె ధ్యాసలోనే ఉంది. పేజీ ఎడమ అంచును మెల్లగా తట్టింది. చెయ్యి ఎక్కడుందో కన్ను అక్కడికి పోయింది. అక్కడే మూల ఉంది. అక్కడి నుంచి గీత దిగింది.

ఇంకో పేజీ తీసి తట్టాడు. మళ్లీ దిగింది. మైనస్ ఉండవలసిన చోట మైనస్ వచ్చింది. పరీక్ష దాకా ఆయన పుస్తకంలో ప్రతి పేజీనీ తట్టాడు. అటుగా పోతూ చూసిన ముత్తాత, కొడుక్కి పిచ్చి ముదిరిందని నాయనమ్మతో గుసగుసగా అన్నాడట.

పరీక్ష హాల్లో ఇది కొంత ప్రాణం మీదికి తెచ్చింది. బొమ్మ గీయవలసిన ప్రతిచోటా తాత కాగితాన్ని తడుతున్నాడు. వరసల మధ్య తిరుగుతున్న ఒక పెద్దమనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎవరికి ఇస్తున్నావు ఈ సైగలు?"

"ఎవరికీ ఇస్తలేను సార్."

"మరి ఎందుకు తడుతున్నావు?"

బర్రె కోసమని చెబితే హాల్లోంచి పంపేస్తారు. తెలియదని చెబితే నమ్మరు. తాతకు వేరే మాట దొరకలేదు. "అలవాటు సార్" అన్నాడు. ఆయన తాతను లేపి అందరికంటే ముందు, తన బల్లకు ఎదురుగా ఒంటరిగా కూర్చోబెట్టాడు. ఇక అక్కడ తట్టడానికి లేదు. తాత ఎడమ అరచేతిని కాగితం అంచు మీద ఆనించి, మళ్లీ ఎత్తకుండా రాశాడు. పేపరు అయిపోయేసరికి చెమటకు ఆ అంచంతా అలుక్కుపోయిందట. ఎన్నోచోట్ల మైనస్ రాశాడు. రాసిన వాటిలో ఎన్ని మైనస్‌లు తర్వాత కొట్టేశాడో మాత్రం బయటికొచ్చాక ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఫలితాలు వచ్చేదాకా అదే అయోమయం. అన్నం ముందు కూర్చుని "కొట్టేసిన్నా, లేదా" అని అడిగేవాడట నాయనమ్మను, ఆమె పక్కనుండి చూసినట్టు.

పాస్ అయ్యాడు. గట్టిగా కాదు, అంచు మీద అయ్యాడు. అనంతపద్మనాభంగారు ఎదురుపడి, "నరకడం మానేశావే" అని మాత్రం అన్నాడు.

తాత సైకిలు దిగేసరికి ముత్తాత కొట్టంలో గడ్డి వేస్తున్నాడు. సంగతి విన్నాడు. గడ్డి వేయడం ఆపలేదు.

"అయితే నీ గీత ఇప్పుడేమంటది?"

"ధర పెంచితే కొనేది తగ్గుతది, బాపు."

"గది నాకెర్కనే."

"ఎంత పెంచితే ఎంత తగ్గుతదో, గది లెక్క. జర్రంత పెంచి చూడాలె."

"జర్రంత అంటే ఎంత?"

"చానా తక్కువ. కనబడనంత."

"కనబడనంత పెంచితే మనకేమొస్తది?"

"ఏం రాదు. కాని గాడనే తెలుస్తది."

ముత్తాత గడ్డి మోపు కింద పెట్టాడు. ఆయన చాలాసేపు ఆలోచించాడని నాయనమ్మ చెబుతుంది. ఆయనకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట చెప్పిన మా తాతకు కూడా అప్పటికి పూర్తిగా అర్థం కాలేదు. తండ్రీ కొడుకులు బర్రెకు చెరో పక్కన నిలబడి ఆ కనబడనంత దాన్ని చూస్తున్నట్టు చూశారట.

"పాస్ అయినవ్ కదా?" అని మళ్లీ అడిగాడు ముత్తాత.

"అయిన, బాపు."

ముత్తాత సైకిలు దగ్గరకు పోయి, హ్యాండిల్‌కు తగిలించిన క్యాన్లు ఒక్కొక్కటే విప్పి కింద పెట్టాడు. గోడకు ఆనించిన పాత కావడి తెచ్చి వాటి పక్కన పెట్టుకున్నాడు.

"సైకిల్ నీది" అన్నాడు. "క్యాన్లు నాయి."